చీటీకి టీకా

అవతారిక

ఈ గ్రంథం ఎనిమిది పంక్తులది. రూళ్ల కాగితం మీద నీలి జెల్ పెన్నుతో రాసినది. గ్రంథకర్త్రి మా మనవరాలు, గన్నవరం వెటర్నరీ కాలేజీ విద్యార్థిని. ప్రాక్టికల్స్ ఉన్నాయని నాలుగు రోజులు హాస్టల్‌కు పోతూ, పరిటాలలో మా ముందుగదిలో పంజరం తగిలించి, చీటీ నా చేతిలో పెట్టి, "అంతా ఇందులో రాశా తాతయ్యా. చదివి అలాగే చెయ్యి, చాలు" అంది.

ముప్పై రెండేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి. చదివి అలాగే చెయ్యడం ఒక్కటే నాకు చేతకాని పని. పదం కనబడితే విడదీయాలి, వాక్యం కనబడితే అన్వయించాలి, ఏదైనా తేలిగ్గా అర్థమైపోతే అనుమానించాలి.

మూలం కళ్లెదుట ఉంటే మంచిదని చీటీని బట్టల క్లిప్పుతో పంజరం చువ్వలకే తగిలించి, పిల్లను హైవే దాకా వెళ్లి విజయవాడ బస్సెక్కించి వచ్చాను. వచ్చేసరికి ఎనిమిదో పంక్తి సగం లేదు. తాళపత్రాలను చెదలు తిన్నాయని విన్నాం గాని, గ్రంథాన్ని కథానాయకుడే తినడం మన వాఙ్మయంలో అరుదు.

వ్యాఖ్యాతల్లో పెద్దవాడు మల్లినాథసూరి మనవాడే, మెదక్ జిల్లా కొల్చారం. ఆధారం లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు.

నాయకుడి పేరు పిట్టు. పిట్ట కాబట్టి పిట్టు అని మనవరాలి వ్యుత్పత్తి. నాది వేరు. 1702లో మద్రాసు గవర్నరు థామస్ పిట్ 410 క్యారెట్ల ముడి వజ్రం ఒకటి కొన్నాడు. అది పరిటాల గనిదని కొందరు, కృష్ణ అవతల కొల్లూరుదని కొందరు. ఊరివాణ్ణి గనక నేను మొదటి పక్షం. అది తర్వాత ఫ్రాన్సు పాలకుడి చేతికి పోయి, రీజెంట్ వజ్రమై, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం అద్దాల పెట్టెలో ఉంది. పిట్ దొర వజ్రం అద్దాల్లో, మా పిట్టు దొర చువ్వల్లో. ఇద్దరినీ ముట్టుకోనివ్వరు.

మూలము

లవ్ బర్డ్‌కి:
కొర్రలు రెండు చెంచాలు. ఊది చూడు.
నీళ్లు పొద్దున్నే మార్చు.
కొత్తిమీర, తోటకూర కడిగి పెట్టు. పచ్చిమిర్చి పర్లేదు. ఉప్పు, చాక్లెట్, అవకాడో వద్దు.
కటిల్ బోన్ తీయకు.
నాన్‌స్టిక్ పెనం వద్దే వద్దు.
చీకటి పడగానే గుడ్డ కప్పు.
ఉబ్బితే ఫోన్ చెయ్యి.
సాయంత్రం తలుపు వే

శీర్షిక

"లవ్ బర్డ్‌కి" అన్నచోట మొదటి శంక. వీడు లవ్ బర్డ్ కాడు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, పొట్టితోక, గుండ్రటి ఒళ్లు. మన సంతల్లో, బెజవాడ దుకాణాల్లో ఆ పేరుతో అమ్మేది బడ్జరిగార్, ముద్దుగా బడ్జీ. ఆస్ట్రేలియా ఎండు మైదానాల్లో గుంపులు గుంపులుగా తిరిగే గడ్డిగింజల చిలక. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త ప్రాణాలతో ఇంగ్లండు తెచ్చాడు, అక్కడినుంచి లోకమంతా పాకింది. జానెడు పొడవు, ముప్పై నలభై గ్రాముల బరువు. ముక్కు మొదట్లో, రంధ్రాల చుట్టూ ఉండే మెత్తని పట్టీ నీలంగా ఉంటే మగవాడు, గోధుమరంగైతే ఆడది. మావాడిది నీలం. "వాడు" అన్న ప్రయోగానికి అదే ప్రమాణం.

"మరి చిలకని పెంచుకోక ఈ పరదేశి పిచిక ఎందుకు?" అని మా ఆవిడ పూర్వపక్షం చేసింది. చిలక అంటే ఆవిడ దృష్టిలో రామచిలక. మా చిన్నప్పుడు ప్రతి వీధిలోనూ ఒక ఇనప పంజరం వేలాడేది. అందులో నానేసిన శనగలు, సగం కొరికిన జామకాయ, "ఎవరదీ" అని అరిచే ఒక పచ్చని ముసలి ప్రాణం. మా మేనత్త చిలక పాలవాడి గొంతుతో అరిచి ఊరందరి చెంబులూ వీధిలోకి తెప్పించేది. ఇప్పుడది నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలకను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం, మూడూ కూడవు. చెట్టు తొర్రల్లోంచి రెక్కలు రాని పిల్లల్ని లాగి బుట్టల్లో కుక్కితే సంతకు చేరేలోగా ఎన్ని చచ్చేవో చూసినవాళ్లకు ఈ చట్టం ఎందుకో ఒకరు చెప్పక్కర్లేదు. బడ్జీలు మనుషుల చేతుల్లో తరతరాలుగా పుడుతున్న జాతి, అందుకని చెల్లుతాయి. నిర్భయంగా ఇంట్లో పెట్టుకోదగ్గ స్వదేశీ చిలక మాకు ఇరవై పాతిక కిలోమీటర్లలోనే ఉంది. కొండపల్లిలో, పొణికి చెక్కతో చేస్తారు. దానికి కొర్రలు కూడా అక్కర్లేదు.

ఇక్కడ "చిలుక" శబ్దం మీద చిన్న చర్చ తప్పదు. పెరుగు చిలకడంలో ఒక చిలుకు ఉంది, "నూరు రూపాయల చిలుకు" అన్నచోట ఇంకొక చిలుకు ఉంది, చొక్కా తగిలించే చిలక్కొయ్య ఉంది, తాంబూలంలో ఆకు చిలకలున్నాయి. వీటిలో మొదటి రెండింటికీ పక్షికీ సంబంధం లేదని నిఘంటువు. ఉందని నా అనుభవం. గిన్నెను చిలికినట్టు చిలికి, తిన్నదానికంటే చిలుకు కింద పోసేది చిలుక. జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లును కూడా ఇందులోకి లాగబోతే మా ఆవిడ అన్నం చల్లారిపోతోందని పిలిచింది.

ఒకటో పంక్తి

కొర్రలు = ప్రియంగువులు అని సంస్కృతం, రెండు చెంచాలు = పరిమాణం, ఊది = నోటితో గాలి వదిలి, చూడు = గమనించుము.

"ఊది చూడు" అన్నదాన్ని నేను మొదట అనుప్రయోగంగా తీసుకున్నాను. "తిని చూడు", "అడిగి చూడు" లాంటిది, అంటే ఊదడానికి ప్రయత్నించు, వీలైతే ఊదు అని. వేడి లేని కొర్రల్ని ఊదడమేమిటి, పిల్లచేష్ట, అని వదిలేశాను. సాయంత్రం గిన్నె చూస్తే నిండా ఉంది. వీడికి ఆకలి లేదు కాబోలు, బెంగ పెట్టుకున్నాడు అనుకున్నాను. మర్నాడు పొద్దున కూడా గిన్నె నిండుగానే ఉంది. పిట్టు గిన్నెలో తల దూర్చి, తీసి, నా వంక ఒక కన్నుతో చూశాడు. చిలకలు మనల్ని ఒక కన్నుతోనే చూస్తాయి, కళ్లు తలకు చెరోపక్కా ఉంటాయి గనక. అయినా ఆ చూపులో అభిప్రాయం ఉంది.

మా ఆవిడ వచ్చి గిన్నె అందుకుని, చేటతో బియ్యం చెరిగే మనిషి గనక, అలవాటుగా ఒక్క ఊపు ఊదింది. గిన్నె సగం గాల్లోకి లేచింది. అంతా పొట్టు. ఈ జాతి గింజను నాలుకతో తిప్పి, ముక్కుతో ఒలిచి, పప్పు మింగి, పొట్టును మళ్లీ అదే గిన్నెలో పడేస్తుంది. పైన పొట్టు పేరుకుంటే చూసేవాడికి గిన్నె నిండుగానే ఉంటుంది. నిండు గిన్నె ముందు ఆకలితో కూర్చునే ప్రాణి ఇదొక్కటే. ఇంత చిన్న ఒంట్లో నిలవ ఉండదు, ఒకటి రెండు రోజులు గింజ అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

కనుక ఇక్కడ "ఊది" క్త్వార్థకం, "చూడు" ప్రధానక్రియ. ముందు ఊదు, పిమ్మట చూడు. రెండూ చెయ్యి. ఆ పూట పిట్టు మూడు చెంచాలు తిన్నాడు. మూలంలో రెండే ఉంది. ఒకటి నా ప్రాయశ్చిత్తం.

రెండో పంక్తి సులభం. నీళ్లలో రెట్ట పడుతుంది గనక మార్చాలి.

మూడో పంక్తి

ఇందులో రుచికరమైన విషయం పచ్చిమిర్చి. "పర్లేదు" అన్న అనుమతి దయలేనిదిగా కనిపిస్తుంది. మా నందిగామ, కంచికచర్ల వైపు మిర్చి కల్లం పక్కనుంచి నడిచినా తుమ్ములు వస్తాయి. ఇంత పిట్టకు మిరపకాయా?

సమాధానం. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ మన నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. పక్షుల్లో ఆ గ్రాహకం కొంచెం వేరుగా ఉంటుంది, క్యాప్సైసిన్ దాన్ని కదపలేదు. మంట అన్నదే తెలియదు. కాయను నమిలి గింజను నలిపేసే జంతువులకు మంట పెట్టి, గింజను మింగి దూరాన జార్చే పిట్టలకు పెట్టకపోవడం మిరప మొక్క యుక్తి. ఆ యుక్తిని వమ్ము చేసి, మంట కోసమే మిరపను పండించి, దంచి, ఊరేసి, అమెరికాలకు ఎగుమతి చేసే జంతువు ఒకటి కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఉంటుందని పాపం మొక్కకు తెలియదు. మిరప పుట్టిందీ ఆ అమెరికా ఖండంలోనే. పోర్చుగీసుల ఓడలు తేకముందు మన చిలకలు గాని మనం గాని దాని మొహం చూడలేదు. శుకమహర్షి మిరపకాయ ఎరగడు.

నేను ఒక కాయ చీల్చి చువ్వల మధ్య పెట్టాను. పిట్టు ఒక్కొక్క గింజే ఏరుకుని, పండితుడు శ్లోకం చప్పరించినట్టు, కళ్లు సగం మూసి తిన్నాడు. చేతులు కడుక్కోకుండా కళ్లు తుడుచుకున్నది నేను.

అవకాడో చిలకలకు విషం, చాక్లెట్ కూడా. చాక్లెట్ మా ఇంట్లో నిలవదు, నేను తినేస్తాను. అవకాడో పరిటాల సంతకు ఇంకా రాలేదు. అయినా కర్త్రి ప్రస్తావించింది. శాస్త్రకర్తలు అంతే, ఊళ్లో లేనిదాన్ని కూడా నిషేధించి ఉంచుతారు.

నాలుగో పంక్తి

"కటిల్ బోన్" దగ్గర నా పాండిత్యం ఆగిపోయింది. పంజరం చువ్వలకు తీగతో కట్టిన, అరచేయంత తెల్లని పలక ఒకటి ఉంది, సుద్దలాగా రాలుతుంది. గోడకు కొట్టే సున్నమా అనుకున్నాను. మా ఆవిడ చూసి, "ఇది సముద్రపు నురుగండీ. మా అమ్మ చెవిపోటుకి నూరి వేసేది" అంది. నిజమే. ఆయుర్వేదంలో సముద్రఫేనమంటే ఇదే, మూలికల కొట్లో అడిగితే ఇస్తారు. ఒడ్డుకు తెల్లగా కొట్టుకొస్తుంటే నురుగు గట్టిపడిందని మనవాళ్లు అనుకున్నారు. ఇంగ్లీషువాళ్లు ఎముకన్నారు. నురుగూ కాదు, ఎముకా కాదు. కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లో, నీళ్లలో తేలడానికి సాయపడే గుల్ల. దానికి చేప అన్న పేరు కూడా తప్పే, అది నత్త జాతిది. ఇన్ని తప్పుడు పేర్ల వస్తువును పిట్టు ఏ అనుమానమూ లేకుండా గీరి తింటున్నాడు. సున్నం అందుతుంది, పెరిగే ముక్కు అరుగుతుంది.

ఐదో పంక్తి

మొత్తం గ్రంథంలో ద్విరుక్తి ఉన్న ఒకే ఒక్క స్థలం. "వద్దు" అంటే చాలుననుకోలేదు, "వద్దే" అని అవధారణార్థక ఏకారం చేర్చింది, మళ్లీ "వద్దు" అంది. సూత్రంలో అర మాత్ర తగ్గితే కొడుకు పుట్టినంత సంబరపడే వైయాకరణులున్న దేశంలో, ఇంత వ్యయం ఊరికే చెయ్యరు.

నాన్‌స్టిక్ పెనానికి పూసే పూత మితిమీరి వేడెక్కితే కంటికి కనబడని, మన ముక్కుకు తగలని వాయువు విడుస్తుంది. వంటింట్లో పెనం మాడితే ముందుగదిలో పిట్ట నిమిషాల్లో రాలిపోతుంది. పక్షి ఊపిరి మన ఊపిరిలాంటిది కాదు. ఊపిరితిత్తుల ముందూ వెనకా గాలి సంచులుండి, గాలి ఊపిరితిత్తులగుండా ఒకే దిక్కుగా సాగిపోతూ ఉంటుంది. ఎగరడానికి కావలసిన ప్రాణవాయువంతా అలా దొరుకుతుంది, గాలిలో విషముంటే అదీ అంతే జోరుగా ఎక్కుతుంది. బ్రిటన్ బొగ్గుగనుల్లో పంజరాల్లో పిట్టల్ని దింపి, అవి సోలితే మనుషులు పైకి పరుగెత్తేవారు. 1986 దాకా ఆ పద్ధతి ఉంది.

మా ఆవిడ ఒక్క మాటా అనకుండా పెళ్లినాటి ఇనప పెనం అటక మీంచి దింపింది. నాలుగు రోజులూ దోశలు అంటుకుపోయాయి. నేను ఏమీ అనలేదు, పంక్తిలో అంత బలముంది.

ఆరో పంక్తి. చిలకకు పది పన్నెండు గంటల నిద్ర కావాలి. హైవే మీద లారీల దీపాలు రాత్రంతా మా కిటికీ మీదుగా పోతుంటాయి. నూట ముప్పై ఐదు అడుగుల ఆంజనేయస్వామి అక్కడే నిలబడి ఉన్నా దీపాలను మాత్రం ఆపడు. అందుకని నా పాత పంచె కప్పాను.

ఏడో పంక్తి

"ఉబ్బితే" చేదర్థకం. కర్త అధ్యాహారం. ఎవరు ఉబ్బితే? టీకా ఇంతవరకు బాగానే వచ్చిందని నేనే కాస్త ఉబ్బి ఉన్నాను గనక, నా గురించి కూడా కావచ్చుననుకున్నాను.

మూడో రాత్రి పంచె కప్పబోతూ చూస్తే పిట్టు దూదిపింజలా ఉబ్బి ఉన్నాడు. ఈకలన్నీ నిక్కాయి, మెడ లేదు, ఒక కాలు లేదు. గొంతులోంచి కరకరమని చప్పుడు. ఫోన్ చేశాను.

"తాతయ్యా, కింద జాలీ మీద కూచున్నాడా, పైన కర్ర మీదా?"

"కర్ర మీదే. ఒక కాలే ఉందమ్మా."

"ఇంకోటి కడుపులో ముడుచుకున్నాడు. తోక పైకీ కిందకీ ఊగుతోందా, ఊపిరికి?"

"లేదు."

"కరకరమంటోందా? ముక్కు నూరుకుంటున్నాడు. హాయిగా ఉంటే నిద్రముందు అలాగే చేస్తారు. రెండు కాళ్ల మీదా కూలబడి, పగటిపూట కూడా ఉబ్బి, తోక ఊపుతుంటే అప్పుడు భయం. పిట్టలు జబ్బు దాస్తాయి తాతయ్యా, పైకి కనబడేసరికే ముదిరిపోతుంది. అందుకే అలా రాశా. సరేగాని, ఇవాళ ఎంతసేపు ఎగిరాడు?"

ఈ ప్రశ్నతో టీకా ఎనిమిదో పంక్తిలో పడింది.

ఎనిమిదో పంక్తి

"సాయంత్రం తలుపు వే". తర్వాత అర్ధచంద్రాకారంలో మూడు గాట్లు, ఆపైన కాగితం లేదు.

నా పాఠం "వేయి". తలుపు అనగా పంజరపు తలుపు. సాయంత్రం గొళ్లెం సరిగా పడిందో లేదో చూడమని భావం. మా ఆవిడ పాఠం "వేసిరా", ఎందుకంటే సాయంత్రం దోమలొస్తాయి, అది వీధి తలుపు. "పిల్లకి ఫోన్ చేసి అడగరాదూ?" అని మొదటిరోజే అంది. పాఠం కోసం కర్తను అడుగుతారా? మేఘసందేశం అర్థం కాకపోతే కాళిదాసును ఎవరడిగారు? పైగా ఫోన్ చెయ్యవలసింది ఉబ్బినప్పుడు మాత్రమేనని మూలంలోనే ఉంది.

కర్త్రి పాఠం, ఫోన్‌లో: "సాయంత్రం తలుపు వేసి, ఫ్యాన్ ఆపి, వదులు."

"గది తలుపు తాతయ్యా! రోజూ గంటసేపు గదిలో ఎగరాలి వాడు. మూడు రోజులూ లోపలే ఉంచావా?"

ఉంచాను. గొళ్లెం రెండుసార్లు చూసి మరీ ఉంచాను.

జగ్గయ్యపేట మీదుగా ఖమ్మం వైపు పోతే నేలకొండపల్లి, కంచర్ల గోపన్న ఊరు. పూర్వజన్మలో చిలకను పంజరంలో పెట్టిన పాపానికే రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గాడని మా వైపు కథ. ఏడాదికి ఏడాది లెక్కయితే నాకు పడేది మూడు సాయంత్రాలు. పంజరం సంగతి మా ఊరికి తెలియందేమీ కాదు. చుట్టూ ఇంగ్లీషువాడి కృష్ణాజిల్లా, నడుమ పరిటాల పరగణా నిజాముది. వజ్రాల గనుల కోసం అట్టే పెట్టుకున్నాడంటారు. నిజాం భారతదేశంలో కలవనని మొండికేసిన రోజుల్లో ఊరివాళ్లు తలుపు తోసుకుని, మాది పరిటాల రిపబ్లిక్ అని ప్రకటించుకున్నారు. అలాంటి ఊళ్లో పుట్టి నేను గొళ్లెం పక్షం తీసుకున్నాను.

నాలుగో సాయంత్రం. తలుపులు వేశాం. ఫ్యాన్ ఆపాం. అద్దం మీద తువ్వాలు కప్పాం, ఆకాశమనుకుని గుద్దుకోకుండా. వంటింటి గుమ్మానికి మా ఆవిడ అడ్డం కూచుంది. పంజరం తలుపు తెరిచాను. పిట్టు చాలాసేపు బయటికి రాలేదు. ఆనక గడప మీద నిలబడి ఒక కన్నుతో గది, ఇంకో కన్నుతో నన్నూ చూసి, లేచి, గోడల వెంట మూడు చుట్లు తిరిగి, బల్ల మీద తెరిచి ఉన్న శబ్దరత్నాకరం మీద వాలాడు. 1885 నాటి నిఘంటువు, నాది తర్వాతి ముద్రణ. పుట అంచు కొరికాడు. వారించలేదు.

గంటయింది. గంటన్నరయింది. కొర్రలు చూపించాం, మిర్చి చూపించాం, ఈల వేశాం. రాడు. వదలమని మూలంలో ఉంది గాని, మళ్లీ లోపలికి ఎలా రప్పించాలో ఎనిమిది పంక్తుల్లో ఎక్కడా లేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్, పరీక్ష ముందురోజు రాత్రి.

ఏప్రిల్ నెల. తలుపులు వేసి ఉన్నాయి. ఫ్యాన్ ఆగి ఉంది. మేమిద్దరం చెమటలు కక్కుతూ గోడకు ఆనుకుని కూచున్నాం. పిట్టు నిఘంటువు మీద ఒంటికాలిన నిలబడి, కాస్త ఉబ్బి, కరకరమని ముక్కు నూరుకుంటున్నాడు.